పాలసీసాల ఉట్టి

మా యింటి వెనుక వసారాలో, తూర్పుకిటికీకి మూరెడు దూరమున, దూలమునకు దిగగొట్టిన కొక్కెమునుండి స్టీలు జల్లిబుట్ట యొకటి వ్రేలాడుచుండును. అందు ఎనిమిది పాలసీసాలు తలక్రిందులుగా నిలిచి, తమలో మిగిలిన కడపటి నీటిబొట్టును సైతము గాలికి అప్పగించుచు, తెల్లవారుజామున సముద్రపుగాలి వీచినప్పుడు ఒకదానినొకటి తాకి మెల్లగా గలగలలాడును. కొన్ని మాసములనుండి ఆ బుట్టను దింపుట, నింపుట, మరల తగిలించుట నా దినచర్యలో స్నానభోజనములవలె స్థిరపడిపోయినది. శిశుపోషణ స్త్రీల విషయమే, దానినిగుఱించి పదవీవిరమణ చేసిన తెలుగు పంతులు కాలమ్ వ్రాయుటేల యని కొందఱికి తోచవచ్చును. ఇన్ని మాసములు నా చేతులతో నేను చేసిన పనినిగుఱించి కాక మఱి దేనినిగుఱించి వ్రాయుదును?

గత శ్రావణమున మా అమ్మాయికి కవలలు కలిగిరి. ఒక బాబు, ఒక పాప. అయిదు వారములు ముందుగా వచ్చిన పసికందులగుటచే, చన్ను పట్టి కుడుచు బలము వారికి మొదట చాలకపోయెను. తల్లిపాలను పిండి తెచ్చి, నర్సు వారికి ఒక చిన్న గిన్నెతో చుక్కచుక్కగా పట్టుచుండగా తలుపుప్రక్కన నిలిచి చూచితిని. అక్కడివారు ‘పలాడై’ యని తమిళపు పేరుతో పిలుచుచున్న ఆ గిన్నె, మా అమ్మ నన్నును నా తోబుట్టువులను పెంచిన వెండి ఉగ్గుగిన్నెకు అచ్చముగా తోబుట్టువు! అదే లోతులేని కడుపు, అదే పొడవైన ముక్కు. ఏదైన విద్య చిన్ననాటనే అబ్బినచో ఉగ్గుపాలతో వచ్చినదని చెప్పుకొనుచు, ఆ ఉగ్గు పోసిన గిన్నెను మాత్రము మనము అటకమీది పెట్టెలో నల్లబడనిచ్చితిమి. ఆసుపత్రి దానిని విడువలేదు.

ఆసుపత్రివారు మాకు చెప్పిన మాటను పాఠకులకు ముందుగా చెప్పకపోయినచో నేను అపరాధినగుదును. శిశువునకు తల్లిచన్ను ప్రథమము. చన్ను పట్టలేనినాడు పిండిన తల్లిపాలను గిన్నెతోనో చెంచాతోనో పట్టుట ద్వితీయము. సీసా వీనియన్నిటికిని తరువాతిది. మన దేశమందు 1992లో వచ్చిన చట్టము పాలపొడులతోపాటు పాలసీసాలకు కూడ ప్రకటనలు చేయుటను నిషేధించినది. పసిబిడ్డ నోటికి అందించు వస్తువును అంగడి గొంతుతో పొగడరాదన్న ఆ చట్టము నాకెంతయో గౌరవపాత్రము. అయినను ఇద్దఱు బిడ్డలకు ఒక తల్లి. ఒకరు చన్ను కుడుచుచుండగా రెండవవారు గుక్కపట్టి యేడ్చునట్టి రాత్రులు. పిమ్మట 26 వారముల ప్రసూతిసెలవు ముగిసి అమ్మాయి తిరిగి బ్యాంకునకు పోవలసిన దినములు ముందున్నవి. వైద్యుల అనుమతితో సీసాలు మా యింటికి వచ్చినవి. వచ్చిన నాటినుండి వానిని కడుగుట, ఆరబెట్టుట, భద్రపఱచుట అను మూడింటిని నేను అడిగి తీసికొంటిని.

అడిగి తీసికొన్న తరువాత తెలిసినది, ఉగ్గుగిన్నెకును సీసాకును గల భేదము ఆకారమందే కాదని. గిన్నె నోరు తెఱచుకొనియుండును. దాని మూలలన్నియు కంటికి కనబడును, వ్రేలికి అందును. తోమి బోర్లించినచో పని తీఱినది. సీసాకు మెడ కలదు, మెడకు మరలు కలవు, ఆ మరలకు రింగు, రింగునకు లోపల పీక, పీకకు చుట్టును సన్నని అంచు. ఇన్ని చోటుల పాలు దాగగలవు. ఈ దాగుడుమూతల వలన లోకము పొందిన దుఃఖము అంతింత కాదు. న్యూయార్కు నగరమున ఎలైజా ప్రాట్ 1845లో రబ్బరు పీకకు పేటెంటు పొందిన పిమ్మట ఐరోపాలో సీసానుండి పొడవైన రబ్బరుగొట్టము బయలుదేరి, దాని కొనయందు పీక యమర్చిన తీరు ప్రచారములోనికి వచ్చెను. తల్లి తన పనిలో తానుండగా బిడ్డ తనంత తాను పాలు చీకుకొనునని దానిని మెచ్చుకొనిరి. గొట్టము లోపలికి బ్రష్ పోదు, వ్రేలు పోదు, చూపును పోదు; నిలిచిన పాలు అందులో విషమయ్యెను. ఆంగ్లగృహిణులకు వేదమువంటిదైన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథము 1861లో వెలువడినది. సీసా మూతికి ఒకమాఱు చక్కగా కట్టిన పీకను, అది పాడై క్రొత్తది వేయువఱకు, అనగా సుమారొక పక్షము దినములు, విప్పనక్కరలేదని ఆ గ్రంథము చెప్పినది. ఆమె దుష్టురాలు కాదు. సూక్ష్మజీవులు రోగకారణములని లోకము అప్పటి కింకను ఎఱుగదు. అయినను ఆ మాట తలపునకు వచ్చిన ప్రతిమాఱును, పక్షము దినములు విప్పని పీకను నోట పెట్టుకొన్న బిడ్డలందఱును నా మనస్సున మెదలుదురు. ఆ గొట్టపుసీసాలను ఫ్రాన్సు దేశము తుదకు 1910లో శాసనముచేత నిషేధించెను.

అందుచేత మా యింట మొదటి నియమము విప్పుట. బిడ్డ పాలు త్రాగి ముగించినవెంటనే, తేన్పు వచ్చునంతవఱకు మా ఇంటావిడ బిడ్డను భుజమున వేసికొని వీపు నిమురుచుండగా, నేను సీసాను విడదీయుదును. రింగును త్రిప్పి తీసిన మాత్రమున విప్పినట్లు కాదు. రింగునుండి పీకను వెనుకకు లాగి వేఱుచేయవలెను. అప్పుడు చూడుడు: పీక అంచు రింగులో ఇమిడియున్న చోట, దారపుపోగంత సన్నని తెల్లని గీత యొకటి వలయాకారముగా కనబడును. అది పాలమీగడ. బయటినుండి ఎంత కడిగినను అది కదలదు. మఱునాటికి పసుపువన్నె తిరిగి, మూడవనాటికి ముక్కుపుటములు ముడుచుకొనునంతటి వాసన వేయును. వ్రేలికొనతో ఆ గీతను చుట్టును రుద్ది, పీకను తిరగవేసి లోపలిభాగము తోమి, మరల సరిచేసి, నీటితో నింపి నొక్కినచో కొనయందలి రంధ్రమునుండి నీరు సన్నని ధారగా చిమ్మవలెను. ధార వంకరపోయినచో లోపల ఇంకను ఏదో ఉన్నదన్నమాట. ఈ పరీక్షను నాకెవరును చెప్పలేదు; చేయగా చేయగా తోచినది.

కడుగుటకు ప్రత్యేకముగా ఒక గిన్నె, ఒక బ్రష్ ఉంచితిమి. సింకులో పెట్టి కడుగరాదు; అందులో పప్పుగిన్నెలు, చేపలబుట్టలు పడిలేచుచుండును. వేడినీరు, సబ్బు, పిదప పుష్కలముగా మంచినీరు. దినమున కొకమాఱు పెద్దగిన్నె అడుగున గుడ్డ పఱచి, గాజుసీసాలను చన్నీటిలోనే మునుగునట్లుంచి పొయ్యి వెలిగింతును. మరుగుచున్న నీటిలో గాజును దింపినచో పగులును. మరుగు పట్టిన పిమ్మట 5 నిమిషములు. మా బోరునీటివలన సీసాలమీద తెల్లని పొర కట్టుచుండెడిది. నిమ్మరసము పిండిన నీటిలో కొంతసేపు నానవేసినచో అది విడిపోవును.

కడుగుట అందఱును శ్రద్ధగా చేయుదురు. చేయుట కనబడు పని అది. చెడునదంతయు ఆ తరువాత చెడును. నేనును అక్కడనే చెడితిని.

కార్తీకమాసమున తుపానుగాలి మూడు దినములు ఎడతెగక వీచినది. మా కాకినాడలో అట్టి దినములందు గోడలు చెమర్చును, ఉప్పు నీరగును, అగ్గిపుల్ల వెలుగదు. బట్టలే ఆరని ఆ తేమలో, సీసాలను కాచి, కొంచెము నీరు జారనిచ్చి, పైకి పొడిగనే కనబడుచున్నవి గదాయని పీకలు బిగించి, మూతలు నొక్కి, వంటింటి అలమారులో వరుసగా నిలిపితిని. వరుస ఎంత ముచ్చటగా నున్నదో అమ్మాయిని పిలిచి చూపించితిని కూడ. అందు రెండు సీసాల వంతు మూడుదినములవఱకు రాలేదు. నాలుగవ దినమున ఒకదాని మూత తీయగనే నానబెట్టి మఱచిన గుడ్డవంటి వాసన కొట్టినది. వెలుగులో పట్టి చూచితిని. పీక లోపలి మడతలో ఆవగింజలో సగమంత నల్లని చుక్కలు మూడు కనబడినవి. అమ్మాయి నా చేతినుండి దానిని తీసికొని చూచి, ‘నాన్నగారూ, ఇది పాపకు పట్టలేదు కదా?’ అని అడిగినది. పట్టలేదు. అయినను ఆ ప్రశ్న అడిగినప్పటి ఆమె ముఖము నాకిప్పటికిని కనబడుచునేయున్నది.

తప్పు కడుగుటలో లేదు, కాచుటలో లేదు. నీరు మిగిలియుండగా మూత వేయుటలో నున్నది. కాచి కడతేర్చిన వస్తువునకు తడి మరల జీవము పోయును. మూత దానికి ఇల్లు కట్టియిచ్చును. మా అమ్మ ఉగ్గుగిన్నెను తోమిన పిదప ఎండలో బోర్లించెడిది. బూజు పట్టు సంగతి ఆమె ఏ పుస్తకమునందును చదివియుండదు; తడిపాత్రను చీకటిగూటిలో పెట్టరాదని మాత్రము ఆమెకు చేతివ్రేళ్ళు చెప్పియుండెను.

అట్లని పీకలను ఎండలో పెట్టరాదు. ఎండకు రబ్బరు బిగుసుకొని పగుళ్ళు వాఱును. గుడ్డతో తుడుచుటయు మంచిది కాదు. ఎంత ఉదికిన గుడ్డయైనను తన మలినమును, తన నూలుపోగును సీసాకు అంటించిపోవును. గాలి ఒక్కటే నమ్మదగినది, అదియు నీడలోని గాలి. గట్టుమీద గుడ్డ పఱచి బోర్లించి చూచితిని, సీసామూతి గుడ్డకు ఆనియుండుటచే లోపలి ఆవిరి వెలుపలికి పోవు దారి లేదు, పైపెచ్చు చీమలు. పాలవాసన చీమలకు ఎంత దూరమునుండి అందునో గాని, అర్ధరాత్రికి గోడవెంట నల్లని దారపుపోగు వలె దిగివచ్చును. మా పనిమనిషి, ‘బాబుగారూ, చుట్టూరా చీమలమందు గీత గీసేత్తే సరి’ అన్నది. పసిబిడ్డ నోట పెట్టు వస్తువుచుట్టును విషపుగీత గీయుట కలలోనైనను నాకు సమ్మతము కాదు. నీళ్ళపళ్ళెములో బుట్ట నుంచుట మనకు పాత ఉపాయమే కాని, ఆరవలసిన వస్తువు క్రింద నీటిని నిలుపుట యెట్లు?

అప్పుడు దూలమునందలి ఆ కొక్కెము కంటబడినది. మా నాయనమ్మ కాలమున అచ్చట ఉట్టి వ్రేలాడెడిది. పాలును పెరుగును వెన్నయు పిల్లికి, చీమకు, పిల్లలకు అందకుండ నుంచు ఉపాయముగనే ఉట్టిని మనము తలపోయుదుము, కృష్ణుని చేష్టలవలన మఱింతగా. కాని అన్ని ప్రక్కలను గాలి ఆడునట్టి అల్మారు అది యొక్కటే యని నాకదివఱకు స్ఫురింపలేదు. బజారునుండి జల్లిబుట్ట తెచ్చి, దాని అడుగుకమ్ముల నడుమ సీసామెడలు దిగునట్లు బోర్లించి, పీకలను రింగులను చిల్లులగిన్నెలో వేసి ప్రక్కన నుంచి, పైన పలుచని ఉదికిన పంచెముక్క కప్పి తగిలించితిని. వానరోజున సైతము రాత్రి వ్రేలాడదీసినవి తెల్లవారుసరికి ఎముకవలె ఆఱియుండును. తుపానునాడు మాత్రము గదిలో ఫ్యాను క్రిందికి మార్తును. పొయ్యి యున్న వైపునకు బుట్టను రానీయను. తాలింపుపొగలోని నూనె గాజుకు పలుచని పొరగా అంటి, దానిమీద ధూళి కూర్చుండును.

ఆఱిన తరువాత రెండవ అంకము. ఆఱిన సీసాను విడిభాగములుగనే ఉంచవలెనా, కూర్చి ఉంచవలెనా? మొదట నేను విడివిడిగా ఉంచితిని: సీసాలకొక అర, పీకలకొక డబ్బా, రింగులకొక డబ్బా, మూతలకొకటి, అన్నిటిమీదను పేరులు వ్రాసి అంటించితిని. నిఘంటువులో పదములవలె ఉండెను. రాత్రి రెండుగంటల వేళ బాబు లేచి యేడ్చి, ఆ యేడుపునకు పాప కూడ లేచినప్పుడు ఆ నిఘంటువు నాకు పనికిరాలేదు. దీపము వేసినచో ఇద్దఱును నిద్రకు దూరమగుదురు. చీకటిలో సీసా దొరకినది, రింగు దొరకినది, పీక వ్రేళ్ళనుండి జాఱి నేలబడినది. కంటికొక క్రమము, చేతికొక క్రమము ఉన్నవని ఆ రాత్రి గ్రహించితిని. పగలు చూచువారికై సర్దిన అర, రాత్రి తడుముకొను చేతికి అడవి.

ఇప్పుడు ప్రతి ఉదయమును చేతులు కడిగికొని, ఒక్కొక్క సీసాను వెలుగునకు పట్టి, చుక్క లేదని నిశ్చయించుకొని, పీకను లోపలి వైపునుండి రింగులోనికి లాగి, బిగించి, మూత వేయుదును. పీకకొనను వ్రేళ్ళు తాకరాదు, అంచునే పట్టవలెను. అట్లు కూర్చిన సీసాలు మూతగల పెద్ద స్టీలుడబ్బాలోనికి పోవును. పూర్వము అందులో జంతికలు పోసెడివారము. వేడినీట కాచి ఆరబెట్టగా నూనెవాసన పోయినది. క్రొత్తగా వచ్చినవి ఎడమప్రక్కను చేరును, తీసికొనునది కుడిప్రక్కనుండి. పాతబియ్యము ముందు వండవలెనన్న మన గాదెల న్యాయమే. కార్తీకమున రెండు సీసాలు మూడుదినములు మూల బడియుండుటకు ఈ న్యాయము నాకప్పుడు తోచకపోవుటయే కారణము. డబ్బా పడకగదిలో, మంచమునకు కుడిచేతివైపు ముక్కాలిపీటమీద నుండును. చేయి చాచినచో మూత, మూత తీసినచో సీసా, దీపముతో పనిలేదు.

ఈ డబ్బా ముందు కూర్చుండి ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్‌ను నేను పలుమాఱు తలచుకొందును. మ్యూనిక్ నగరమున వ్యవసాయరసాయనశాస్త్రాచార్యుడైన ఆయన పేరు, ప్రయోగశాలలో నూనెలను వేఱుచేయు పరికరమువలన విద్యార్థులకు నేటికిని పరిచితము. ఆయన 1886లో శిశువుల పాలకొఱకు ఒక పద్ధతిని చెప్పెను: పెద్దపాత్రలోని పాలను పూటపూటకు వంచుకొనక, ఒక్కొక్క పూటకు చాలునంత ఒక్కొక్క చిన్నసీసాలో ముందుగనే పోసి, సీసాలన్నిటిని ఒకే పాత్రలో నీట నిలిపి కాచి, అవసరమైన వేళ అవసరమైన దానినొక్కదానినే తెఱచుట. తెఱచిన దానిలో మిగిలినది మరుపూటకు రాదు. ఒక సీసా చెడినను మిగిలినవి చెడవు. ఆ విభజనయందు నాకు గొప్ప కరుణ కనబడును.

మా ఫ్రిజ్‌లో నడిమి అరయందు లోపలివైపున ఒక పళ్ళెము ఉన్నది. అమ్మాయి బ్యాంకునకు పోవుటకు ముందును, వచ్చిన తరువాతను పిండిన పాలు చిన్నసీసాలలో అందుండును. తలుపు అరలో పెట్టము. తలుపు తీసినప్పుడెల్ల అది వేడెక్కును. ఇడ్లీపిండికిని, ఆవకాయజాడీకిని ఆ నడిమి అరలో ప్రవేశము లేదు. ప్రతి సీసాకును తారీఖు, వేళ వ్రాసిన కాగితపుముక్క అంటియుండును. పిండిన తల్లిపాలు ఫ్రిజ్‌లో 4 దినములు నిలుచునందురు. మేము రెండవదినము దాటనీయము. వెలుపల 25 డిగ్రీలవఱకు 4 గంటలు నిలుచునన్న లెక్క మా వేసవికి చెల్లదు గనుక ఇంటి గదులలో ఉంచనే యుంచము. బిడ్డ నోరు తాకిన సీసాలో మిగిలిన పాలను 2 గంటలు గడచిన తరువాత పాఱబోయవలెను. పాఱబోయునప్పుడు అమ్మాయి చూచినచో కన్నీరు పెట్టుకొనును. ఆ పాలు ఆమె అర్ధరాత్రి నిద్ర. అందుచేత చిన్నసీసాలో కొంచెమే పోసి, చాలకపోయినచో మరల పోయుదుము.

ఏ సీసా కొనవలెనని నన్నడుగువారికి నేను చెప్పునది స్వల్పము. ఐ.ఎస్.ఐ. ముద్ర చూడుడు, పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కును పాలసీసాలకు వాడరాదని మన ప్రమాణముల సంస్థ 2015లోనే నిర్ణయించినది. మూతి వెడల్పుగా నుండవలెను, మీ వ్రేళ్ళు లోపలికి పోవలెను. బొమ్మలు, రంగులు లేని తెల్లగాజైనచో మిగిలిన పాలచుక్క కనబడును.

ఇపుడు బిడ్డలకు పది నెలలు నిండినవి. చిన్న స్టీలుగ్లాసుతో నీరు త్రాగుచున్నారు. సగము గడ్డమునకు, సగము గొంతునకు. 125 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు వారి ఆకలికి చాలక, బుట్టలో ఊరక వ్రేలాడుచున్నవి. ఎదురింటి ఆవిడ కూతురికి ఏడవనెల. మొన్న వచ్చి, ‘బాబయ్యగారూ, మీకక్కరలేని సీసాలేవైనా ఉంటే దాచి ఉంచండి, అవసరం పడితే తీసుకుంటాం’ అని అడిగినది. ముందు అవసరము పడకుండ చూచుకొనుడని చెప్పి, మా అమ్మ ఉగ్గుగిన్నెను అటకనుండి దింపి తోమించి చూపించితిని. గాజుసీసాలు నాలుగింటిని ఇచ్చెదనంటిని, పీకలు ఇవ్వనంటిని. పీక ఒక యింటినుండి ఇంకొక యింటికి పోవలసిన వస్తువు కాదు. మా యింటనే రెండు మూడు నెలలకొకమాఱు అవి మెత్తబడి, రంధ్రము వెడల్పైనవెంటనే తీసివేయుచున్నాము. ఆవిడ తల యూపి, చాలసేపు వసారాలో నిలిచి, బుట్టను వ్రేలితో ఒకమాఱు ఊపి చూచినది.

‘మా వెనక వసారాకీ దూలముంది కానీ కొక్కెం లేదండీ’ అన్నది.

ఆదివారము సుత్తి తీసికొని వారింటికి పోవలసియున్నది.